కంప్యూటరు గ్రంథములకు నాలుగు ప్రశ్నలు



ఇటీవల నాయొద్ద చదువుకొన్న శిష్యుడొకడు మా యింటికి వచ్చెను. అతడు పట్టణమున నొక కంపెనీలో కంప్యూటరు పని చేయుచున్నాడు. సెలవుల నియమములు, జీతపు లెక్కలు, ఉత్తరువులు సిబ్బందికి ఒక్కచోట దొరకునట్లు, కంపెనీ లోపల వాడుకొను వలనొకదానిని నిర్మింపుమని యజమానులు చెప్పిరట. దానిని ఇంట్రానెట్టందురు. అంతర్జాలము ఊరిచెరువు వంటిదైనచో, ఇది పెరటినూయి వంటిది. ఇంటివారికే గాని పరులకు ప్రవేశము లేదు. అతడు మూడు లావుపాటి పుస్తకములు కొని, వానిలో చెప్పినట్లే పని ముగించెను. ఏడాదికి సెలవు నియమము మారినది. వలలోని పుట మారలేదు. పాత నియమమును నమ్మి సెలవు పుచ్చుకొన్న గుమాస్తా యొకనికి పదిదినముల జీతము పోయినది. “మాస్టారూ, పుస్తకములో తప్పు లేదు, నా పనిలోను తప్పు లేదు, మరి తప్పెక్కడ?” అని యతడు నన్నడిగెను.

మన శాస్త్రకారులు గ్రంథారంభమున నాలుగింటిని నిర్ణయించెడివారు. చదువుటకు తగినవాడెవడు, చెప్పబడు విషయమేది, ఆ విషయమునకును గ్రంథమునకును సంబంధమేమి, చదివినందున ప్రయోజనమేమి? వీనికి అనుబంధచతుష్టయమని పేరు. క్రొత్త విద్యల గ్రంథములను తూచుటకును ఈ త్రాసు చాలునని నా నమ్మకము. చరిత్రను చూడుడు.

1949 మే 6వ తేదీన ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఎడ్సాక్ అను కంప్యూటరు తన మొదటి ప్రోగ్రామును నడపినది. ప్రోగ్రామనగా యంత్రము చేయవలసిన పనుల వరుస. 1951లో విల్క్స్, వీలర్, గిల్ అను మువ్వురు అట్టి ప్రోగ్రాములు వ్రాయు పద్ధతిని గూర్చి గ్రంథము ప్రకటించిరి. ఒకమారు సరిచూచిన చిన్న ప్రోగ్రామును భద్రపరచి, వలసినచోటనెల్ల మరల వాడుకొనవలెనని యందలి ముఖ్యబోధ. 1958లో ఆ యంత్రమును విప్పివేసిరి. యంత్రము పోయినను బోధ నేటికిని నిలిచియున్నది.

1978లో కెర్నిగన్, రిచీ అనువారు ‘సీ’ యను ప్రోగ్రాము భాషను గూర్చి 228 పుటల పుస్తకము వ్రాసిరి. అది బాలశిక్ష కాదనియు, ప్రోగ్రాములతో కొంత పరిచయము గలవారికనియు పీఠికలోనే తెలిపిరి. అధికారిని నిర్ణయించుట యనగా నిదియే.

1991లో పెర్ల్ అను మరియొక భాషను గూర్చి పుస్తకము వెలువడెను. వలపుటలను నడపుటకు ఆ దశాబ్దమున పెర్ల్ విరివిగా వాడుకలోనుండెను. భాష పెరిగినకొలది పుస్తకమును 1996లోను, 2000లోను, 2012లోను తిరిగి కూర్పవలసివచ్చెను. కావున గ్రంథములు రెండు తెగలు: కొన్ని వ్యాకరణము వంటివి, కొన్ని పంచాంగము వంటివి. పంచాంగమును చులకన చేయరాదు. ముహూర్తము పెట్టునాడు వ్యాకరణము అక్కరకు రాదు. అయితే నిరుటి పంచాంగముతో నేటి తిథి తెలియదు.

ఇక ప్రయోజనము. ఇదియే ముఖ్యము. జెనీవా నగరము చెంత సెర్న్ అను భౌతికశాస్త్ర పరిశోధనాలయము కలదు. అక్కడికి పండితులు దేశదేశములనుండి వచ్చి, పలువురు రెండేండ్లకే వెడలిపోవుచుండిరి. వారితో వారెరిగినదియు పోవుచుండెను. 1989 మార్చిలో టిమ్ బర్నర్స్-లీ ఈ నష్టమును వివరించి, నివారణోపాయమును సూచించుచు పై యధికారులకొక పత్రము సమర్పించెను. 1990 చివరకు ఆ యుపాయము పనిచేయ నారంభించినది. అదియే నేడు లోకమంతయు నల్లుకొన్న వెబ్బు. మొదటి దినములలో సెర్న్ వారిని దానివైపు ఆకర్షించినది గొప్ప సిద్ధాంతమేదియు కాదు, తమ సిబ్బంది టెలిఫోను నెంబర్ల పట్టిక! ఒక సంస్థ లోపలి యక్కరకై పుట్టినదే పిదప లోకమునకు వ్యాపించినదన్నమాట. ఆయన మొదట ‘ఏమి పోవుచున్నది, ఎవరికి కావలెను’ అని విచారించెను. పనిముట్టు తరువాత వచ్చినది.

నా శిష్యుని పుస్తకములు పుట కట్టుట నేర్పినవి. కట్టిన పుటను ఎవరు దిద్దవలెనో నేర్పలేదు. ఆ కంపెనీ సంగతి గ్రంథకర్త కెట్లు తెలియును? ఆ ప్రశ్న వేయవలసినవాడు కట్టువాడే. కరణము దస్తూరి ముత్యములవలె నున్నను, భూమి చేతులు మారినప్పుడు లెక్కలో పేరు మార్చనిచో, కొన్నవాడు కచ్చేరి చుట్టు తిరుగవలసివచ్చెడిది గదా!

ఇప్పుడు ప్రతి పుటక్రిందను దానిని దిద్దవలసినవారి పేరును, మరల సరిచూడవలసిన తేదీని అతడు చేర్చినాడు. గుమాస్తాకు పోయిన జీతము మాత్రము తిరిగి రాలేదు.

మీ మనుమలు ఇట్టి పుస్తకములకు రొక్కమడిగినచో కాదనకుడు. ఆంగ్లము రానందున మనకేమి తెలియునని వెనుదీయకుడు. “నాయనా, ఇది ఎవరికొరకు వ్రాసినది? దేనిని గూర్చినది? నీ పనికిని దీనికిని సంబంధమేమి? దీనివలన ఎవరి కష్టము తీరును?” అని యడుగుడు. నాలుగింటికి జవాబు చెప్పగలవానికి ఇచ్చిన రొక్కము వృథా కాదు.