దఖలు: జాతీయ ఉద్యానవనాల స్థాపనలో చట్టం, మౌఖిక సాక్ష్యం

కీలకపదాలు: జాతీయ ఉద్యానవనం, వన్యప్రాణి సంరక్షణ చట్టం, చాటింపు, మౌఖిక సాక్ష్యం, పోడు, పాపికొండలు.

అడవి ఉన్నచోటనే ఉంటుంది. దానిని జాతీయ ఉద్యానవనంగా మార్చేది ప్రభుత్వ గెజెట్‌లో అచ్చయ్యే ఒక ప్రకటన. అంతవరకు పశువులు మేసిన నేల ఆ ప్రకటనతో మేత నిషిద్ధమైన నేల అవుతుంది. గిరిజన జీవితం నేపథ్యంగా వచ్చిన సాహిత్యాన్ని మనం శ్రద్ధగానే చదివాం. ఆ జీవితాన్ని మలుపు తిప్పిన చట్టాల భాషను అంత శ్రద్ధగా చదవలేదు. ఉద్యానవనం ఏర్పడే వేళ, అక్కడ నివసించేవారి హక్కును చట్టం ఏ రూపంలో వినడానికి సిద్ధపడింది? ప్రస్తుత వ్యాసం ఈ ఒక్క ప్రశ్నకే పరిమితం.

రెండు ప్రకటనల పద్ధతి

1872లో అమెరికా కాంగ్రెస్ యెల్లోస్టోన్ కోసం ప్రత్యేక శాసనం చేసింది. మన దేశంలో సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వం 1935లో చట్టం చేసి, 1936లో హేలీ ఉద్యానవనాన్ని (నేటి కార్బెట్) నెలకొల్పింది. స్వాతంత్ర్యానంతరం వన్యప్రాణులు రాష్ట్రాల జాబితాలోని అంశం. అందువల్ల దేశమంతటికీ ఒకే చట్టం కావాలంటే రాష్ట్రాలే పార్లమెంటును కోరవలసి వచ్చింది. రాజ్యాంగంలోని 252వ అధికరణం కింద అలా తీర్మానించిన 11 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పీఠికలోనే ఆ పేర్లు కనిపిస్తాయి.

ఆ చట్టంలోని 35వ సెక్షన్ ప్రకారం ఉద్యానవనం రెండు అడుగులలో ఏర్పడుతుంది. మొదటి ప్రకటన ప్రభుత్వ ఉద్దేశాన్ని మాత్రమే తెలుపుతుంది. తరువాత కలెక్టరు ఆ ప్రాంతంలోని హక్కులను విచారించాలి. గడువు ముగిసి, దావాలన్నీ పరిష్కారమై, భూములపై గల హక్కులన్నీ ప్రభుత్వానికి దఖలు పడిన తరువాతనే తుది ప్రకటన వెలువడాలి. అభయారణ్యం విషయంలో, ఉన్న హక్కులలో కొన్నింటిని కొనసాగనిచ్చే వెసులుబాటు 24వ సెక్షన్‌లోని ఒక ఉపనిబంధన వల్ల కలెక్టరుకు ఉంది. జాతీయ ఉద్యానవనానికి వచ్చేసరికి 35వ సెక్షన్ ఆ ఉపనిబంధనను పేరు పెట్టి మరీ మినహాయించింది. అభయారణ్యానికీ ఉద్యానవనానికీ గల అసలు తేడా పులుల సంఖ్యలో లేదు, ఈ మినహాయింపులో ఉంది.

ఈ పద్ధతి 1972లో పుట్టినది కాదు. రిజర్వు అడవులను ఏర్పరచడానికి వలస పాలకులు రూపొందించిన సెటిల్‌మెంట్ విధానమే దీనికి మూలం. 1927 నాటి భారత అటవీ చట్టంలో 4వ సెక్షన్ కింద ఉద్దేశ ప్రకటన, 6వ సెక్షన్ కింద గ్రామాలలో చాటింపు, 20వ సెక్షన్ కింద తుది ప్రకటన వరుసగా ఉంటాయి. గోదావరి ఏజెన్సీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నందున అక్కడ 1882 నాటి మద్రాసు అటవీ చట్టం నడిచింది గాని, పద్ధతి ఒక్కటే.

చాటింపు స్థానిక భాషలో, ప్రతి ఊరిలో జరగాలని 1927 చట్టమూ చెప్పింది, 1972 చట్టంలోని 21వ సెక్షనూ చెప్పింది. తేడా దాని తరువాతి వాక్యాలలో ఉంది. 1927 చట్టం మూడు నెలలకు తగ్గని గడువిచ్చి, హక్కుదారు రాతపూర్వకంగా తెలుపవచ్చు లేదా అధికారి ఎదుట హాజరై నోటితో చెప్పవచ్చు అన్నది. 1972 చట్టం రెండు నెలల గడువిచ్చి, నిర్ణీత నమూనాలో రాసి ఇవ్వాలన్నది. ప్రజాస్వామ్య ప్రభుత్వం చేసిన చట్టం వలస ప్రభుత్వం తెరిచి ఉంచిన ఒక చిన్న కిటికీని మూసివేసింది. ఎవరూ దావా వేయని హక్కులను కూడా ప్రభుత్వ రికార్డుల ద్వారా, తెలిసినవారి సాక్ష్యం ద్వారా కలెక్టరు విచారించాలని 22వ సెక్షన్ చెబుతున్న మాట నిజమే. అయితే అక్కడ చొరవ అధికారిది, హక్కుదారుది కాదు.

వలస చట్టం ఉదారమైనదని దీని అర్థం కాదు. పోడు వ్యవసాయం ఏ సందర్భంలోనూ హక్కు కాదని, ప్రభుత్వం నియంత్రించగల, రద్దు చేయగల వెసులుబాటు మాత్రమేనని అదే 1927 చట్టంలోని 10వ సెక్షన్ శాసించింది. మాట వినడానికి సిద్ధపడింది గాని, ఏ మాటకు విలువ ఉండకూడదో ముందే నిర్ణయించుకుంది.

విచారణలు ఎలా సాగాయో చెప్పడానికి ఒక న్యాయస్థాన ఉత్తర్వు చాలు. 1995లో దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1997 ఆగస్టు 22న, 21వ సెక్షన్ కింద చాటింపులను రెండు నెలలలో జారీ చేయాలని, హక్కుల నిర్ధారణను ఏడాదిలో ముగించాలని రాష్ట్రాలను ఆదేశించింది. చట్టం వచ్చి అప్పటికి పాతికేళ్లు.

విస్తరణ

సరిహద్దుల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. పెంచినా తగ్గించినా చట్టం దృష్టిలో అది సరిహద్దు మార్పే. 1972లో దీనికి రాష్ట్ర శాసనసభ తీర్మానం తప్పనిసరి. 2002 సవరణ ఆ స్థానంలో జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసును నిలిపింది. బహిరంగ చర్చకు వీలున్న సభ నుంచి నిపుణుల, అధికారుల మండలికి నిర్ణయం తరలిపోయింది. అటవీ భూమిని కాపాడటానికి ఇది మేలు చేసి ఉండవచ్చు. స్థానిక ప్రతినిధి నోరు విప్పే అవకాశం మాత్రం తగ్గింది.

తెలంగాణలోని జాతీయ ఉద్యానవనాలు మూడూ (కాసు బ్రహ్మానందరెడ్డి, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి) హైదరాబాదులోనూ దాని పరిసరాలలోనూ ఉన్నాయి. నగరవాసులు ఉదయపు నడకకు వెళ్లే చోటుకూ, గోదావరి కనుమల అడవికీ చట్టం పెట్టిన పేరు ఒక్కటే.

పాపికొండలు, 2008

పాపికొండలు 1978లో అభయారణ్యంగా, 2008లో 1,012.86 చదరపు కిలోమీటర్ల జాతీయ ఉద్యానవనంగా ప్రకటితమయ్యాయి. ఇది కొండరెడ్లు, కోయలు నివసించే సీమ. అటవీ హక్కుల చట్టం 2007 డిసెంబరు 31న అమలులోకి వచ్చింది. దాని నియమాలు 2008 జనవరిలో వెలువడ్డాయి. అంటే ఒకే ఏడాది ఈ కొండలపై రెండు చట్టాలు ఎదురుపడ్డాయి. హక్కులన్నీ ప్రభుత్వానికి దఖలు పడాలని 35వ సెక్షన్ అంటుంది. ఇతర చట్టాలు ఏమి చెప్పినా అటవీ హక్కులను గుర్తించి అడవిలో నివసించేవారికే దఖలు పరుస్తున్నామని 2006 నాటి చట్టంలోని 4వ సెక్షన్ అంటుంది. దఖలు అనే ఒకే మాట రెండు వ్యతిరేక దిశలలో నడిచింది. 'అటవీ భూమి' అనే పదానికి ఇచ్చిన నిర్వచనంలోనే ఈ రెండవ చట్టం జాతీయ ఉద్యానవనాలను చేర్చింది కనుక, ఈ వైరుధ్యాన్ని అన్వయంతో దాటవేయలేము.

మూతపడిన కిటికీ తిరిగి తెరుచుకున్నది కూడా ఇక్కడే. అటవీ హక్కుల నియమాలలోని 13వ నియమం సాక్ష్యాల జాబితాలో, దావాదారులు కాని పెద్దలు చెప్పిన మాటను రాతలో పెట్టిన వాంగ్మూలాన్ని చేర్చింది. బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. పేరున్న సంస్థలు ఆచార సంప్రదాయాలపై చేసిన పరిశోధనలు, నమోదులు సైతం సాక్ష్యమే. తెలుగు శాఖలలో జానపద, గిరిజన విజ్ఞాన సేకరణ పేరిట దశాబ్దాలుగా నమోదైన కొండల పేర్లు, జాతర స్థలాల వివరాలు, వలస కథనాలు సిద్ధాంత గ్రంథాల అనుబంధాలలో పడి ఉన్నాయి. చెప్పినవారి వయసు, ఊరు, చెప్పిన తేదీ వాటిలో ఎన్నింటికి ఉన్నాయన్నదానిపైనే గ్రామసభ ముందు వాటి విలువ ఆధారపడుతుంది.