తక్కువ బడ్జెట్ భయం: లోపం డబ్బుదా, నిర్ణయానిదా?

హారర్, క్రైమ్, సర్వైవల్ కోవల్లో కొత్త దర్శకుడెవరైనా చిన్న సినిమా తెస్తే, పరిమిత బడ్జెట్‌లో మంచి ప్రయత్నం అని రాసి ఊరుకోవడం మన సమీక్షలకు అలవాటైపోయింది. మెచ్చుకోలులా వినిపించే ఆ మాట దగ్గరే విమర్శ ఆగిపోతోంది. సినిమాలో ఏది పండింది, ఏది తేలిపోయింది, తేలిపోయింది డబ్బు చాలకా ఆలోచన చాలకా అన్న విచారణ జరగడం లేదు. దానివల్ల ప్రేక్షకుడి కంటే దర్శకుడికే ఎక్కువ నష్టం. తర్వాతి సినిమాకు నిర్మాత చేయి విదిలిస్తే అన్నీ సర్దుకుంటాయని అతను నమ్ముతాడు. చాలాసార్లు సర్దుకోవు.

నేను ప్రతిపాదించే పరీక్ష సులువైనది. లోపం కనిపించిన ప్రతిచోటా, ఇదే దర్శకుడికి పదింతల డబ్బు ఇచ్చి ఉంటే ఇది పోయేదా అని అడగాలి. పోయేదైతే అది లేమి వల్ల వచ్చింది. గుర్తించి ముందుకు సాగొచ్చు. పోకపోతే అది నిర్ణయంలోని తప్పు; దానికి బడ్జెట్‌ను సాకుగా చూపకూడదు. గుణాల విషయంలోనూ ఇదే ప్రశ్న వేయాలి. డబ్బు ఉండి ఉంటే ఈ గుణం మిగిలేదా? చిన్న సినిమాకు గ్రేస్ మార్కులు వేయడం కంటే పేపరు సరిగ్గా దిద్దడమే దానికి మర్యాద.

ఈ మూడు కోవలనే ఎంచుకోవడానికి కారణముంది. మాయాబజార్ (1957) లాంటి కథకు సెట్టు, ట్రిక్ ఫొటోగ్రఫీ లేకపోతే కథే నిలబడదు. భయానికీ నేరానికీ ఆ అవసరం లేదు. దెయ్యం కనిపించకుండానే దెయ్యం కథ చెప్పొచ్చు. రిజర్వాయర్ డాగ్స్ (1992)లో క్వెంటిన్ టరంటినో దోపిడీని చూపించకుండానే దోపిడీ కథ నడిపాడు. సర్వైవల్ కథకు ఒక మనిషి, తప్పించుకోలేని ఒక చోటు చాలు. అంటే ఈ కోవల్లో చూపించకపోవడం కేవలం పొదుపు కాదు, కథ చెప్పే పద్ధతి కూడా. అందుకే పొదుపునూ పద్ధతినీ విడదీసి చూడటం ఇక్కడ కష్టం, అవసరం కూడా.

ముందుగా అంకెల సంగతి. తక్కువ బడ్జెట్ అనే ఖ్యాతి తరచుగా ప్రచారంలో భాగం. ఎడ్గర్ ఉల్మర్ తీసిన డీటూర్ (1945) ఆరు రోజుల్లో తయారైందన్న కథ దశాబ్దాల పాటు చెలామణి అయింది. ఆ కథ ఉల్మర్ స్వయంగా చెప్పుకున్నదే. తర్వాతి పరిశోధకులు రికార్డులు తిరగేసి, అంతకంటే ఎక్కువ రోజులూ ఎక్కువ డబ్బూ పట్టాయని తేల్చారు. ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్ (1999) గురించి అందరూ చెప్పే 60,000 డాలర్లు అడవిలో చిత్రీకరణ దశకు సంబంధించిన లెక్క. ఆర్టిజన్ సంస్థ దాన్ని 10 లక్షల డాలర్లకు పైగా పెట్టి కొన్నాక శబ్ద మిశ్రమానికీ, ప్రచారానికీ చేసిన ఖర్చు వేరు. ప్రపంచమంతా కలిపి దాదాపు 24.8 కోట్ల డాలర్లు రాబట్టిన ఆ సినిమాను మనం థియేటర్లో చూసిన రూపం 60,000 డాలర్లది కాదు. పారానార్మల్ యాక్టివిటీ (2007) సంగతీ అంతే. ఓరెన్ పెలి తన సొంత ఇంట్లో దాదాపు 15,000 డాలర్లతో తీశాడు. 2009లో పారామౌంట్ విడుదల చేసేటప్పటికి ముగింపు మారింది. కాబట్టి పోస్టరు మీది అంకె చూసి జాలిపడటమో అబ్బురపడటమో విమర్శకుడి పని కాదు. తెరమీద ఉన్నదే సాక్ష్యం.

డబ్బు లేకపోవడం గుణంగా మారిన సందర్భాన్ని దగ్గరగా చూడాలంటే క్యాట్ పీపుల్ (1942) కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆర్కేఓ సంస్థ నిర్మాత వాల్ ల్యూటన్‌కు షరతులు పెట్టింది. సినిమాకు 1,50,000 డాలర్లు దాటకూడదు, నిడివి 75 నిమిషాలు దాటకూడదు, పేరు స్టూడియోయే ఇస్తుంది. ల్యూటన్, దర్శకుడు జాక్ టూర్నర్ ఉన్న సెట్లనే వాడుకున్నారు. తాను చిరుతగా మారిపోతానని భయపడే కథానాయిక ఇరీనా ఉండే భవనంలోని మెట్లు ఆర్సన్ వెల్స్ తీసిన ది మాగ్నిఫిసెంట్ ఆంబర్సన్స్ కోసం కట్టినవే.

అందులో ఇరీనా భర్తతో పనిచేసే ఆలిస్ రాత్రివేళ పార్కు పక్క దారిలో ఒంటరిగా నడిచే ఘట్టం ఉంది. వెనక ఇరీనా వస్తోంది. సంగీతం లేదు. రెండు జతల మడమల చప్పుడు మాత్రం వినిపిస్తుంది. వీధిదీపం కింద ఒక వెలుగు ముద్ద, మళ్ళీ చీకటి, మళ్ళీ వెలుగు ముద్ద. కాసేపటికి వెనక చప్పుడు ఆగిపోతుంది. మనిషి నడక ఆగింది, మరి నాలుగు కాళ్ళ నడక మొదలైందా? ఆ ప్రశ్నను సినిమా అడగదు, మనమే అడుక్కుంటాం. ఆలిస్ అడుగులు వేగం పెంచుతాయి, ఉన్నట్టుండి బుస కొట్టినట్టు ఒక శబ్దం తెరను చీలుస్తుంది. అది చిరుత కాదు, వచ్చి ఆగిన బస్సు బ్రేకులది. కూర్పరి మార్క్ రాబ్సన్ అల్లిన ఈ ఎత్తుగడను సినిమా వాళ్ళు ఇప్పటికీ ల్యూటన్ బస్సు అంటారు. నేటి జంప్ స్కేర్‌కు ఇదే పూర్వరూపం. తేడా ఏమిటంటే ఇక్కడ ఉలికిపాటుకు ముందు రెండు నిమిషాల చెవి శిక్షణ ఉంది. ఆ శిక్షణ లేని ఉలికిపాటు వట్టి పెద్ద శబ్దం.

పరీక్ష పెట్టి చూద్దాం. టూర్నర్‌కు పదింతల డబ్బు ఉంటే ఈ ఘట్టం బాగుపడేదా? ఇందుకు జవాబు అదే సినిమాలో దొరుకుతుంది. చిరుతను చూపించి తీరాలని స్టూడియో పట్టుబట్టడంతో ఆఫీసు గదిలోకి నిజం చిరుతను తెచ్చారు. ఛాయాగ్రాహకుడు నికొలస్ ముసురాకా దాన్ని వీలైనంత నీడలోనే ఉంచాడు. అయినా చిరుత కనబడిన క్షణంలో భయం ఒక జంతువుకు కుదించుకుపోతుంది. అంతకుముందు భయం ఇరీనా మనసుదీ, ఆమె పెళ్ళిదీ, ఆమెను నమ్మని భర్తదీ కూడా. సంస్థ అడిగి తీయించుకున్న దృశ్యమే సినిమాలో బలహీనమైన భాగం. లేమిని తిట్టుకోవడానికి ఇక్కడ తావు లేదు.

డీటూర్‌లో మాత్రం రెండు రకాలూ పక్కపక్కనే ఉన్నాయి. న్యూయార్క్ వీధి పేరుకు మాత్రమే ఉంది. ప్రేమికులిద్దరూ దాదాపు మొత్తం పొగమంచులో నడుస్తారు. సెట్టు లేదు కాబట్టి పొగ పెట్టారని ఎవరికైనా తెలిసిపోతుంది. కానీ కథ చెబుతున్న అల్ రాబర్ట్స్ తన తప్పును తానే మసకబార్చుకునే మనిషి. అతని జ్ఞాపకంలో ఊరు మంచులో ఉండటమే న్యాయం. ఇది లేమి అర్థంగా మారడం. లిఫ్టు అడిగే కొన్ని షాట్లలో ఫిల్మును ఎడమకుడి తిప్పి ముద్రించారు. అమెరికా రోడ్డు మీద డ్రైవర్లు కుడివైపు కూర్చుని కనిపిస్తారు. ఇది డబ్బుంటే పోయే లోపం, కథకు దానితో పనిలేదు, దాని మీద పేజీలు నింపడం దండగ. పడమటి దిక్కు ప్రయాణాన్ని తెరమీద ఒకే వైపు చూపాలన్న పట్టుదలతో ఆ పొరపాటుకు సిద్ధపడ్డారంటే నాకు గౌరవమే.

సర్వైవల్ సినిమాల దగ్గర పరీక్ష ఇంకా కఠినమవుతుంది. అక్కడ సినిమా తనకు తానే ఒక నిబంధన పెట్టుకుంటుంది. ఓపెన్ వాటర్ (2003)లో డైవింగ్‌కు వెళ్ళిన జంటను పడవ సముద్రంలో వదిలేసి వెళ్ళిపోతుంది. కారణం తలల లెక్క తప్పడం. పడవ మీద మనిషి కాగితం మీద గీతలు గీసుకుంటూ లెక్కపెడతాడు, గీతలు అదనంగా పడతాయి, అంతే. క్రిస్ కెంటిస్, లారా లావ్ దంపతులు డిజిటల్ వీడియో మీద, నిజమైన సొరచేపల మధ్య తీశారు. బొమ్మ గరుకుగా, పాలిపోయి ఉంటుంది. సినిమా మొదట్లో ఇంట్లో, హోటల్లో జరిగే దృశ్యాలకు ఆ గరుకుదనం పెళ్ళి వీడియో వాసన తెస్తుంది, సంభాషణలూ చప్పగా ఉంటాయి. అదే గరుకుదనం నీళ్ళలోకి దిగాక నిజానికి సాక్ష్యంలా నిలబడుతుంది. ఒకే కెమెరా, ఒకే నాణ్యత; ఒక భాగంలో లోపం, మరో భాగంలో గుణం. సాంకేతిక నాణ్యతకు విడిగా మార్కులు వేసే పద్ధతి ఎందుకు పనికిరాదో ఈ ఒక్క సినిమా చాలు చెప్పడానికి.

బరీడ్ (2010)లో రొడ్రిగో కోర్టెస్ ర్యాన్ రెనాల్డ్స్‌ను ఒక శవపేటికలో ఉంచి, 95 నిమిషాలు బయటికి రాకుండా కథ నడిపాడు. బార్సిలోనాలో 17 రోజుల చిత్రీకరణ. వెలుతురు కూడా పెట్టెలో ఉన్నవాటిదే: లైటరు, సెల్‌ఫోను తెర, టార్చి. ఇంత గట్టి నిబంధన పెట్టుకున్న సినిమాలో హఠాత్తుగా పెట్టెలోకి ఒక పాము వస్తుంది. ఫోనులో ఛార్జింగ్ తగ్గడం, కంపెనీ మనిషి తడబడకుండా చెప్పే నిబంధనలు, కాల్ హోల్డులో పెట్టే ఆపరేటర్లు, ఇవన్నీ చాలినంత నరకం. వీటి మీద రచయితకూ దర్శకుడికీ నమ్మకం సడలిన చోట పాము దూరింది. ఎంత డబ్బు పెట్టినా ఆ పాము నిజం కాదు, ఎందుకంటే లోపం పాములో లేదు. విక్రమాదిత్య మోత్వానీ ట్రాప్డ్ (2016)లో రాజ్‌కుమార్ రావ్ ముంబయిలో ఎవరూ కాపురం లేని టవర్‌లో, తాళం పడిన ఫ్లాటులో చిక్కుకుంటాడు. కింద జనం ఉన్నారు, ట్రాఫిక్ ఉంది, కేక మాత్రం చేరదు. కాపలా మనిషికి వినికిడి తక్కువ. కొత్తగా లేచిన టవర్లు చూసిన హైదరాబాద్ ప్రేక్షకుడికి ఈ భయాన్ని ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు.

తెలుగుకు వస్తే మన చిన్న సినిమాల పెద్ద జబ్బు బొమ్మ కాదు, శబ్దం. డిజిటల్ కెమెరా వచ్చాక బొమ్మ చౌకగానే బాగుపడింది. శబ్దం బాగుపడాలంటే మాత్రం లొకేషన్లో ఓపిక, డబ్బింగ్ థియేటర్లో సమయం, అన్నిటికంటే మౌనం మీద నమ్మకం కావాలి. తలుపు కిర్రుమనక ముందే వయొలిన్లు కిర్రుమంటాయి. పాత్ర భయపడక ముందే రీరికార్డింగ్ భయపడుతుంది. ఇందులో కొంత లేమి నిజమే: గదిలో మాట్లాడిన మాటకూ పొలంలో మాట్లాడిన మాటకూ తేడా లేకుండా డబ్బింగ్ చెప్పించడం హడావిడి ఫలితం. కానీ మౌనానికి పైసా ఖర్చు లేదు. క్యాట్ పీపుల్‌లో ఆ దారికి సంగీతం పెట్టకపోవడం ఉచితం.

రెండోది ఇంటర్వెల్. చిన్న సినిమా కథకు తొంభై నిమిషాలు చాలినా మన థియేటరు అలవాటు ఇంకో గంట అడుగుతుంది, మధ్యలో ఒక ఇంటర్వెల్ బ్యాంగ్ అడుగుతుంది. ఆ గంటను నింపడానికే ప్రేమ ట్రాకు, హాస్యం ట్రాకు, చివర్లో అన్నీ విప్పి చెప్పే ఫ్లాష్‌బ్యాక్ వస్తాయి. ఇది బడ్జెట్‌ను తగ్గించేది కాదు, పెంచేది. కాబట్టి నిడివి విషయంలో బడ్జెట్‌ను సాకుగా చెప్పడం తలకిందుల వాదన.

చంద్రశేఖర్ యేలేటి ఐతే (2003) ఇందుకు మంచి ఎదురు ఉదాహరణ. పేరున్న కథానాయకుడు లేడు. నిరుద్యోగులైన నలుగురు కుర్రాళ్ళు, వాళ్ళ స్థాయికి మించిన ఒక నేర పథకం. స్టారు లేకపోవడం వల్లే ఉత్కంఠ పండింది. స్టారు ఉన్న సినిమాలో ఎవరు బతుకుతారో టిక్కెట్టు కొన్నప్పుడే తెలుస్తుంది, ఇక్కడ తెలియదు. మా ఊరి పొలిమేర (2021)లో హాస్యపాత్రలతో అలవాటైన సత్యం రాజేష్‌ను ప్రధాన పాత్రకు తీసుకోవడంలోనూ ఇదే తెలివి ఉంది. ఆ ముఖం మీద మనకున్న పాత అంచనాలనే దర్శకుడు అనిల్ విశ్వనాథ్ వాడుకున్నాడు. దీనికి భిన్నంగా రామ్ గోపాల్ వర్మ దొంగల ముఠా (2011)ను ఐదు రోజుల్లో, వేళ్ళ మీద లెక్కపెట్టగల సిబ్బందితో, స్టిల్ కెమెరాల మీద తీశాడు. రవితేజ, ఛార్మి ఉన్నారు. రాత్రి (1992)లో కెమెరా కదలికతోనే వెన్నులో వణుకు పుట్టించిన దర్శకుడు, ఇక్కడ ఎలా తీశామన్నదాన్నే కబురుగా చేశాడు. ఏం తీస్తున్నాం అన్నది వెనకపడింది. తక్కువ ఖర్చు పద్ధతిగా మారకుండా పందెంగా మారితే ఫలితం ఇలాగే ఉంటుంది.

మసూద (2022)ను మాత్రం కొంచెం ఆగి చూడాలి. సాయి కిరణ్ దర్శకత్వంలో వచ్చిన ఈ సినిమా బలమంతా దెయ్యం రాకముందే ఉంది. భర్త తోడు లేని తల్లి నీలం (సంగీత), ఆమె కూతురు నాజియా, పక్క ఫ్లాటులో పిరికివాడైన గోపి (తిరువీర్). అర్ధరాత్రి పక్కింటి తలుపు తట్టడానికి ఒంటరి ఆడమనిషి ఎంత సంకోచించాలి, తలుపు తీసిన కుర్రాడు ఏం అడగాలో ఏం అడగకూడదో తెలియక ఎలా నిలబడాలి, ఆ ఇబ్బందిలోనే సగం భయం ఉంది. పిరికివాడు సాయానికి నిలబడటం ఏ గ్రాఫిక్స్‌కూ అందని విషయం. రెండో సగంలో కథ విస్తరించి, మంత్రాలు, పరుగులు, రక్తం పెరిగి, రెండున్నర గంటలు దాటాక ఆ ఇరుకు ఫ్లాటు మనకు దూరమవుతుంది. పదింతల డబ్బు ఇస్తే ఆ రెండో సగం ఇంకా పెరిగేది.

అందులోనే మరో లోపం ఉంది. దాని గురించి మన సమీక్షలు తగినంత మాట్లాడలేదు. నల్ల బురఖా ఆకారమే భయానికి గుర్తుగా నిలిచింది. కథలో దెయ్యాన్ని వదిలించేవాళ్ళూ ముస్లింలే, నీలం కుటుంబం మీద సినిమాకు సానుభూతీ ఉంది. కానీ గుర్తుండిపోయే బొమ్మ మాత్రం ఆ దుస్తులే. చౌకగా దొరికే భయాలన్నీ ఇలాంటివే. ముసలి విధవ, మతి చలించిన మనిషి, గూడెంలోని మంత్రగాడు, పరాయి మతపు వేషం. వీటికి మేకప్ ఖర్చు కూడా ఉండదు, ప్రేక్షకుడి మనసులో ముందే ఉన్నవి కాబట్టి. చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు తెలుగు పల్లెల్లో నిజంగా జరిగాయి, ఇంకా జరుగుతున్నాయి. అలాంటి నేల మీద పొలిమేర వంటి సినిమా చేతబడిని కథావస్తువుగా తీసుకున్నప్పుడు, మలుపు పేలిందా లేదా అని మాత్రమే అడిగి ఊరుకోలేం. అనుమానితుడి ముఖం మీద కెమెరా ఎంతసేపు నిలిచింది, ఊరు అతని మీదికి కదిలినప్పుడు ప్రేక్షకుణ్ణి ఎవరి పక్కన నిలబెట్టింది అన్న ప్రశ్నలు కూడా విలువ కట్టడంలో భాగమే. కెమెరాను ఎవరి పక్కన నిలబెట్టినా అద్దె ఒక్కటే.