తండ్రి అప్పు, కొడుకు సంతకం

నిజాం కాలంలో నల్గొండ, పాలమూరు పల్లెల్లో పేద తండ్రి పోతే కొడుక్కి మిగిలేది అప్పే. పెళ్లికో చావుకో దొర దగ్గర తెచ్చిన పైకానికి తండ్రి భగేలాగా, అంటే అప్పు తీరేదాకా కట్టుబడిన జీతగాడిగా, చాకిరి చేసేవాడు. మిత్తి తెగకముందే ఆయన కన్నుమూస్తే ఆ చాకిరి కొడుకు నెత్తిన పడేది. 1936లో ప్రభుత్వం భగేలా ఒప్పందాలను కట్టడి చేస్తూ రెగ్యులేషన్ తెచ్చినా, ఊళ్లో అధికారమంతా దొరల చేతుల్లోనే ఉండడంతో అది కాగితం దాటలేదు. సాయుధ పోరాటంలో జనం అప్పు పత్రాలను తగలబెట్టారంటే, తరాల కడుపుమంటే అందుకు కారణం.

1975లో ఆర్డినెన్సుగా వచ్చి, 1976లో చట్టమైన వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ఆ రకం అప్పులను రద్దు చేసింది. అయినా ప్రాజెక్టు పనులకు వలసపోయిన పాలమూరు కూలీలను మేస్త్రీ అడ్వాన్సు వదల్లేదు. తండ్రి రుణం తీర్చడం కొడుకు ధర్మమన్న పాత హిందూ న్యాయాన్ని మాత్రం 2005 వారసత్వ చట్ట సవరణ తొలగించింది, అదీ ఆ తర్వాత చేసిన అప్పులకే.

ఈలోగా బ్యాంకులొచ్చాయి. 1969 జాతీయకరణ తర్వాత నల్గొండ వైపు నాగార్జున, పాలమూరులో సంగమేశ్వర గ్రామీణ బ్యాంకులు పంట రుణాలిచ్చాయి. బ్యాంకు బాకీ విషయంలో చట్టం తేటగా ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 50వ సెక్షన్ ప్రకారం, చనిపోయిన మనిషి ఆస్తిలో వారసుడి చేతికి ఎంత వచ్చిందో అంతవరకే అతని బాధ్యత. సొంత కూలి డబ్బులోంచి కట్టాల్సిన పని లేదు.

అయితే అసలు చిక్కు విరాసత్ దగ్గర మొదలవుతుంది. భూమి కొడుకు పేరుకు మారుతుంది, మరుసటి వానాకాలం పెట్టుబడికి అతను బ్యాంకుకు వెళ్తాడు. పాత బాకీ నిలిచి ఉంటే కొత్త లోను రాదు. దాంతో తండ్రి బాకీని తన పేర రెన్యువల్ చేయించుకుని సంతకం పెడతాడు. ఆ క్షణం నుంచి అది అతని సొంత అప్పు, 50వ సెక్షన్ ఇక అక్కరకు రాదు. సంతకానికి ముందే ఈ సంగతి అతనికి విప్పి చెప్పడం బ్యాంకు బాధ్యత అని నా నమ్మకం.

చావు ఖర్చుది ఇంకో దారి. 1925 భారత వారసత్వ చట్టం 320వ సెక్షన్ పోయినవారి ఆస్తిలోంచి అన్ని అప్పులకంటే ముందు అంత్యక్రియల ఖర్చు చెల్లించమంటుంది. పల్లెలో ఆ లెక్క చూసేదెవరు? పాడె లేవకముందే నూటికి రెండు, మూడు రూపాయల మిత్తికి నోటు రాయాలి, పదకొండొద్దులకు ఊరికి అన్నం పెట్టాలి. ఆ నోటు మీద ఉండేది బతికున్నవాడి పేరు కాబట్టి, పోయినవారి అప్పులకున్న రక్షణ ఏదీ దానికి వర్తించదు.

రైతు ఆత్మహత్యలు పెరిగాక 2004లో 421 జీవో వచ్చింది. కుటుంబానికి లక్ష, అప్పులవాళ్లతో ఏకమొత్తంలో తెంపుకోవడానికి యాభై వేలు. తెలంగాణ వచ్చాక 2015లో 194 జీవో ఆ మొత్తాలను అయిదు లక్షలు, ఒక లక్ష చేసింది. చనిపోయిన రైతు అప్పును సర్కారు విడిగా లెక్కగట్టడం ఈ నేల మీద పెద్ద మలుపే. కానీ అది ఆత్మహత్యగా రుజువైతేనే. 2018 ఆగస్టులో మొదలైన రైతుబీమా ఆ మెలిక తీసేసింది. 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో పోయినా ఎల్ఐసీ నామినీకి అయిదు లక్షలిస్తుంది, ప్రీమియం ప్రభుత్వానిదే.

పట్టాదారు పాస్‌బుక్కు లేని కౌలురైతుకు మాత్రం ఆ బీమా లేదు. పత్తికి చేసిన అప్పు, పదకొండొద్దుల అప్పు రెండూ అతని భార్య మీదే పడుతున్నాయి.