పింగాణీ ఫ్యూజు నుండి ఎం.సి.బి. దాకా

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తియై, ఆ పిమ్మట 1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడి, తీగెలు ఊరూరికి సాగిన కాలమున, హిందూపురము, పెనుకొండ, ధర్మవరముల యిండ్లలో కిరసనాయిలు దీపము క్రమముగా తొలగి, మీటరు ప్రక్కన తెల్లని పింగాణీ ఫ్యూజొకటి నెలకొన్నది. దాని పిడి నూడదీసి చూచిన, రెండు ఇత్తడి మరలకు నడుమ తగరపు పూతగల సన్నని రాగిపోగొక్కటి కానవచ్చును. మితిమీరిన ప్రవాహము వచ్చినపుడు గోడలోని తీగె కాలకమునుపే తాను కరగిపోవుటయే దాని ధర్మము. మాటిమాటికి ఫ్యూజు పోవుచున్నదని విసిగి, రెండు మూడు పోగులు కలిపి మెలివేసి బిగించు దురాచారము మాత్రము పెక్కుచోట్ల పాతుకొన్నది. అది ఇంటివారు తమ యింటికి తామే చేసికొన్న ద్రోహము. కరగవలసిన పోగు కరగనిచో కంటికి కానరాని తీగె కాలును.

1924 ప్రాంతమున జర్మనీలోని మాన్‌హైము నగరమున హ్యూగో స్టోట్జ్ రూపొందించిన చిన్న సర్క్యూటు బ్రేకరు, అనగా నేటి ఎం.సి.బి., చాలకాలమునకు గాని మన యిండ్లకు రాలేదు. లోడు కొంత మించినపుడు రెండు లోహముల నతికిన పలుచని పట్టీ వేడెక్కి మెల్లగా వంగి మీటను జార్చును. షార్టు సర్క్యూటైనపుడు విద్యుదయస్కాంతపు చుట్ట రెప్పపాటులో లాగివేయును.

ఎం.సి.బి. ట్రిప్పగుచున్నదనగానే దానినే మార్చుమనుట న్యాయము కాదు. ధర్మవరమున మరమగ్గపు మోటారు కదలు క్షణమున తన నిత్యప్రవాహమునకు ఐదారు రెట్లు లాగును. తన ఆంపియరునకు మూడు మొదలు ఐదు రెట్లలోనే విడిపోవు బి తరగతి బ్రేకరు అచ్చట నిలువకుండుట సహజము, ఐదు రెట్లదాక కదలని సి తరగతిది కావలెను. హిందూపురపు శివారులలో వోల్టేజి పడిపోయినపుడు బోరు మోటారు అధికప్రవాహము లాగును. పెనుకొండ బండల నడివేసవిలో, 30 డిగ్రీల వేడికి లెక్కగట్టిన పట్టీ, ఎండతగులు గోడమీది ఇనుపపెట్టెలో ముందుగానే వంగును.

ప్లగ్గులన్నియు తీసి, ఎలక్ట్రీషియను మెయిను కట్టివేసి బయటికి పోవు తీగెను విప్పి, మరల సరఫరా ఇచ్చినపుడు మీట నిలువకున్నను, ఒడలు నల్లబడి కాలిన వాసన వచ్చినను, టెర్మినలు కరగినను, గట్టి షార్టు సర్క్యూటును తెంపిన పిమ్మట మీట బిగువు సడలినను ఎం.సి.బి.ని మార్చక తప్పదు. 16 ఆంపియరులదాని స్థానమున 32 పెట్టుట మెలివేసిన పోగులనాటి తప్పే. గోడలోని తీగెను లావుపాటిదానితో మార్చనిదే ఆంపియరు పెంచరాదు.