ఫ్లైట్ సిమ్యులేటర్ ఆగి ఆగి నడుస్తోందా? కొత్త కార్డు కొనే ముందు చూడవలసినవి

కంప్యూటర్‌లో ఫ్లైట్ సిమ్యులేటర్ ఆగి ఆగి నడిస్తే ఇంట్లో మొదట వినబడే మాట "గ్రాఫిక్స్ కార్డు మార్చాలి" అని. కార్డు ఖరీదు వేలల్లో ఉంటుంది, ఒక్కోసారి లక్ష దాటుతుంది. తీరా మార్చాక కూడా కుదుపు పోకపోవచ్చు, ఎందుకంటే లోపం అసలు కార్డులో లేకపోవచ్చు. బళ్ళారి, హోసూరు, బరంపురం, షోలాపురం వంటి చోట్ల స్థిరపడిన మన ఇళ్ళలో ఇంగ్లీషు మెనూలు పిల్లలు చదువుకుంటారు. డబ్బు ఇచ్చే పెద్దలకు మాత్రం విషయం తెలుగులో తెలియాలి. అందుకే ఈ వివరాలు ఒకచోట చేర్చి ఇస్తున్నాము. ఇవి ముఖ్యంగా మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020, 2024లకు సంబంధించినవి. ఎక్స్-ప్లేన్ 12కూ చాలావరకు వర్తిస్తాయి.

కుదుపు అంటే ఏమిటి?

తెర మీద బొమ్మలు ఒకదాని వెంట ఒకటి మారుతుంటాయి. సెకనుకు 60 బొమ్మలు రావాలంటే ఒక్కొక్కటి 16.7 మిల్లీసెకన్లలో, 30 రావాలంటే 33.3 మిల్లీసెకన్లలో తయారు కావాలి. మధ్యలో ఒక్క బొమ్మకు 100 మిల్లీసెకన్లు పట్టినా కంటికి కుదుపు తెలుస్తుంది. సగటు మాత్రం బాగానే కనిపిస్తుంది. కాబట్టి సగటు అంకెను చూసి మోసపోకూడదు. సమానంగా వచ్చే 30 బొమ్మలు, ఎగుడుదిగుడుగా వచ్చే 50 కంటే హాయిగా ఉంటాయి.

ముందుగా లోపం ఎక్కడో తేల్చుకోవాలి

ఒకే విమానం, ఒకే విమానాశ్రయం, ఒకే వాతావరణం పెట్టుకుని పది నిమిషాలు నడపాలి. ప్రతి పరీక్షకూ ఇదే ప్రయాణం. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చి, ఏది మార్చామో, ఫలితం ఏమిటో కాగితం మీద రాసుకోవాలి. నాలుగు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేస్తే ఫ్రేమ్ వివరాలు చూపించే పెట్టె వస్తుంది. అందులో 'మెయిన్ థ్రెడ్' వల్ల ఆలస్యం అని ఉంటే భారం ప్రాసెసర్ మీద పడుతోంది. 'జీపీయూ' అని ఉంటే గ్రాఫిక్స్ కార్డు మీద. ఎక్స్-ప్లేన్‌లో డేటా అవుట్‌పుట్‌లోని ఫ్రేమ్ రేట్ వరుస ఈ రెండు సమయాలనూ విడివిడిగా చూపుతుంది.

ప్రాసెసర్ మీద భారం ఉంటే

పెద్ద నగరాలు, పెద్ద విమానాశ్రయాల దగ్గర కుదుపు వచ్చి, ఖాళీ నేల మీద తగ్గితే ఎక్కువగా కారణం ఇదే. టెర్రెయిన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్ 200 ఉంటే 100కు దించండి. ఇతర విమానాల రద్దీ, విమానాశ్రయంలో తిరిగే వాహనాల సంఖ్య తగ్గించండి. కాక్‌పిట్ తెరల రిఫ్రెష్ రేటు కూడా తగ్గించండి. ఇక్కడ కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టినా పెద్దగా లాభం ఉండదు.

కార్డు మీద భారం ఉంటే

దట్టమైన మేఘాల్లోకి వెళ్ళినప్పుడు వేగం తగ్గితే కార్డును అనుమానించాలి. మేఘాలు, నీడల నాణ్యత ఒక మెట్టు దించాలి. డీఎల్‌ఎస్‌ఎస్ లేదా ఎఫ్‌ఎస్‌ఆర్ ఆన్ చేసి చూడాలి. టాస్క్ మేనేజర్‌లో కార్డు సొంత మెమరీ పూర్తిగా నిండి కనిపిస్తే టెక్స్చర్ నాణ్యత తగ్గించాలి. ఆ మెమరీ నిండితే డేటా మామూలు ర్యామ్‌లోకి పోతుంది. అది నెమ్మది కాబట్టి కుదుపు మొదలవుతుంది.

రెండూ కాకపోతే

ఇంటర్నెట్: ఈ సిమ్యులేటర్ నేల బొమ్మలను ఎగురుతుండగానే దించుకుంటుంది. ఆన్‌లైన్ డేటా ఆపి అదే ప్రయాణం చేయండి. కుదుపు పోతే లోపం లైనుది. ఫోటోగ్రామెట్రీ ఆపడం, రోలింగ్ కాష్‌ను ఎస్‌ఎస్‌డీ మీద పెట్టడం, వైఫై బదులు వైరు వాడటం ఉపకరిస్తాయి.

యాడ్-ఆన్‌లు: విడిగా దించుకున్న విమానాలు, దృశ్యాలు 'కమ్యూనిటీ' ఫోల్డర్‌లో ఉంటాయి. వాటిని వేరేచోటికి తరలించి, ఖాళీ ఫోల్డర్‌తో ఒకసారి నడపండి. బాగుంటే ఒక్కొక్కటే తిరిగి పెడుతూ దోషిని పట్టుకోవచ్చు.

వేడి: మొదట బాగుండి ఇరవై నిమిషాల తర్వాత కుదుపు మొదలైతే వేడిని అనుమానించాలి. వేడెక్కిన ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాన్లలో దుమ్ము తుడవాలి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే నడపాలి.

ర్యామ్: 2020కి 16 జీబీ, 2024కి 32 జీబీ ఉండాలని తయారీదారు సిఫారసు. ఒక్క 16 జీబీ స్టిక్కు కంటే రెండు 8 జీబీ స్టిక్కులు మేలు. ర్యామ్ పూర్తి వేగం అందుకోవాలంటే బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేయాలి.

డ్రైవర్: కొత్త డ్రైవర్ వేసిన తర్వాత మొదటి ప్రయాణంలో కుదుపు రావడం మామూలే. షేడర్లు మళ్ళీ తయారవుతుంటాయి. రెండో ప్రయాణం చూసి తీర్పు చెప్పండి.

చివరి మెట్టుగా ఫ్రేమ్ పరిమితి పెట్టండి. 60 హెర్ట్జ్ తెరకు 30 వద్ద కట్టేస్తే ప్రాసెసర్‌కూ కార్డుకూ ఊపిరి దొరుకుతుంది, కదలిక సమంగా ఉంటుంది.

ఖర్చు పెట్టే వరుస

పైసా ఖర్చు లేనివి ముందు: సెట్టింగులు, దుమ్ము, యాడ్-ఆన్‌లు. తరువాత ర్యామ్, సిమ్యులేటర్ ఇంకా హార్డ్ డిస్క్ మీదే ఉంటే ఎస్‌ఎస్‌డీ. ఆ తరువాతే ప్రాసెసర్ లేదా కార్డు, అదీ పరీక్షలో ఏది తేలితే అది. ఏఎం4 మదర్‌బోర్డు ఉన్నవారు 96 ఎంబీ కాష్ ఉన్న రైజెన్ 5800ఎక్స్3డీ దొరికితే, బోర్డుకు తగిన బయోస్ ఉందో లేదో చూసుకుని, ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు.

పైలట్ కావాలనుకునే పిల్లలున్న ఇళ్ళకు ఒక మాట. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు మన దేశంలో 200 గంటలు ఎగిరిన అనుభవం కావాలి. ఇంటి కంప్యూటర్ మీద గడిపిన గంటలు ఆ లెక్కలోకి రావు. చెక్‌లిస్టు వరుస, రేడియో మాట, పరికరాలు చదవడం అలవాటు కావడానికి ఇది పనికివస్తుంది. ఆ పనికి సమంగా నడిచే 30 ఫ్రేములు చాలు. కార్డుకు పోయే లక్ష మిగిలితే అది పిల్లల చదువుకు పనికివస్తుందని పెద్దలకు మా మనవి.