ట్రిమ్: అంచు ఖాళీలు తీసే పని ఎక్కడ పుట్టింది?

ఫోన్‌లో దరఖాస్తు నింపుతూ ఊరి పేరు దగ్గర ‘గార్ల’ అని సగం కొట్టేసరికి కీబోర్డు మిగతాది తానే పూర్తిచేసి, వెనకాలే ఒక ఖాళీ కూడా పెడుతుంది. మన కంటికి ఆనని ఆ ఖాళీకి, అక్షరాలకు నంబర్లిచ్చే ఆస్కీ పట్టికలో 32వ నంబరు ఉంది. కంప్యూటర్ లెక్కలో ఖాళీ ఉన్న గార్ల వేరు, లేని గార్ల వేరు. 2016 అక్టోబరు 11న గార్ల మండలం ఖమ్మం జిల్లా నుంచి మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. అలాంటి మార్పుల్లో పాత జాబితాను కొత్తదానితో సరిచూసే ప్రోగ్రాము ‘ఊరు దొరకలేదు’ అనడానికి ఆ ఒక్క ఖాళీ చాలు.

ఈ బెడద వెబ్ కంటే చాలా పాతది. ఐబీఎం 1928లో తెచ్చిన పంచ్ కార్డుకు 80 నిలువు వరుసలు. పేరుకు 20 కేటాయిస్తే, ఎనిమిది అక్షరాల పేరు పోను మిగతా 12 ఖాళీలే. అలాంటి అంచు ఖాళీలను తీసే ఆదేశమే ‘ట్రిమ్’. 1960ల నాటి ప్రోగ్రామింగ్ భాష స్నోబాల్4లోనూ, తర్వాత ఫోర్ట్రాన్ 90లోనూ అది చివరి ఖాళీలనే తీసేది, ముందువాటి జోలికి పోయేది కాదు.

వెబ్ పేజీల భాష జావాస్క్రిప్ట్ 1995లో పుట్టినా, దాని ప్రమాణంలోకి ట్రిమ్ చేరింది 2009 డిసెంబరులోనే. అప్పటిదాకా ఎవరి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (వెతికే నమూనా) వారు రాసుకున్నారు, లేదా 2006లో వచ్చిన జేక్వెరీ అనే కోడ్ లైబ్రరీని వాడుకున్నారు.

తెలుగుకు అసలు చిక్కు సర్వర్లలో నడిచే భాష పీహెచ్‌పీలో ఉంది. అక్కడి ట్రిమ్ చూసేది అక్షరాలను కాదు, బైట్లను. యూటీఎఫ్-8 అనే సంకేత పద్ధతిలో తెలుగు అక్షరానికి మూడేసి బైట్లు. వెబ్ పేజీల నుంచి కాపీ చేసినప్పుడు వెంట వచ్చే నాన్-బ్రేకింగ్ స్పేస్‌కు రెండు: సీ2, ఏ0. దాన్ని వదిలించుకోవాలని ఆ రెండు బైట్లనూ ట్రిమ్‌కు అప్పగిస్తే అది ‘ఠ’ మీద పడుతుంది. ‘ఠ’ అంటే ఈ0, బీ0, ఏ0. ‘శ్రీకంఠ’ అనే పేరులో చివరి బైటు ఊడిపోయి, అక్షరం ఉండాల్సిన చోట పాడైన గుర్తు మిగులుతుంది. మనిషి పేరే చెడిపోతే అది చిన్న తప్పు కాదు. అక్షరాలను అక్షరాలుగా చూసే ఎంబీ_ట్రిమ్ 2024 నవంబరులో పీహెచ్‌పీ 8.4తో గానీ రాలేదు.

కనిపించనిదల్లా చెత్త అనుకోవడం ఇంకో పొరపాటు. ‘సాఫ్ట్‌వేర్’లో ట్ తర్వాత ఉండే అదృశ్య గుర్తు జీరో విడ్త్ నాన్ జాయినర్. దాన్ని తుడిచేస్తే వకారం ఒత్తుగా మారి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. జావాస్క్రిప్ట్ ట్రిమ్ దాన్ని ముట్టుకోదు, అది మంచిదే. తెలుగు ఫారాలకు ప్రోగ్రాములు రాసేవారికి ఒక్కటే మనవి: అంచుల్లో ఖాళీలు తీయండి, మాట లోపల చెయ్యి పెట్టకండి.