రెండో ఆల్బమ్ దగ్గర చీలిన అభిమానులు

లాస్ వెగాస్ కుర్రాళ్లు 2004లో కట్టిన బ్యాండ్ పానిక్! ఎట్ ది డిస్కో. 2005 నాటి తొలి ఆల్బమ్ పాప్-పంక్ గిటార్లకు డాన్స్ బీట్లు జోడించి టీనేజర్లను ఊపేసింది. 2008 మార్చిలో వచ్చిన రెండోదైన ‘ప్రెటీ ఆడ్’లో ఆ హోరు తగ్గి, బీటిల్స్ పోకడ, వయొలిన్లు, బాకాలు వచ్చి చేరాయి. బ్యాండ్ పేరులోని ఆశ్చర్యార్థకాన్నీ తీసేశారు. బిల్‌బోర్డ్ చార్టులో రెండో స్థానంతో మొదలైనా, అమ్మకాలు తొలి ఆల్బమ్‌ను అందుకోలేదు. ఉత్త అనుకరణేనని కొందరు పెదవి విరిచారు; ఎదుగుదలని మరికొందరు మెచ్చారు. బాణీ అరువుదే, కాదనలేం. పాటల అల్లిక మాత్రం మునుపటికంటే మెరుగు. అభిరుచుల తేడా బ్యాండ్‌లోనూ ఉంది. 2009 జులైలో గిటారిస్టు, ప్రధాన గీత రచయిత రయన్ రాస్, బేసిస్టు జాన్ వాకర్ తప్పుకున్నారు. మిగిలిన ఇద్దరూ 2011లో మూడో ఆల్బమ్ తెచ్చారు.